ఆగస్టు 29: ఒకే రోజు వచ్చే మూడు దినోత్సవాలను బడిలో జరపడం ఎలా?

ఆగస్టు 29న గిడుగు వేంకట రామమూర్తి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా, మేజర్ ధ్యాన్‌చంద్ జయంతిని జాతీయ క్రీడా దినోత్సవంగా జరుపుకుంటాము. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అణు పరీక్షల వ్యతిరేక దినోత్సవం కూడా ఆ రోజే. మా బడిలో ఒక ఏడాది మూడింటికీ తలా పది నిమిషాలు కేటాయించాము. మూడో ఉపన్యాసం మొదలయ్యేసరికి ఆరో తరగతి పిల్లలు ఎండలో కాళ్లు మార్చుకుంటూ గంట ఎప్పుడు కొడతారా అని చూస్తున్నారు.

అందుచేత సమయాన్ని సమానంగా పంచకుండా, ఒక దినోత్సవాన్ని ప్రధానంగా ఎంచుకుని, తక్కిన వాటిని దానితో నిజంగా సంబంధం ఉన్న చోటనే కలపడం మేలు. తెలుగు బడిలో ఆ ప్రధాన స్థానం గిడుగు వారిదే అని నా అభిప్రాయం. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లల చదువు కోసం వారి భాషలోనే పుస్తకాలు రాశారు. చదువుల్లో గ్రాంథికానికి బదులు వాడుక భాష ఉండాలని జీవితమంతా పోరాడారు.

ఆ పోరాటాన్ని ఉపన్యాసంలో కంటే ఆటస్థలంలో చూపడం తేలిక. ఉదయం పూట పదిహేను నిమిషాల కబడ్డీ పెట్టించి, ఇద్దరు విద్యార్థులకు మైకు ఇచ్చి, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే వ్యాఖ్యానం చెప్పమనండి. ‘గీత తాకకముందే కూత వదిలేసిండు’ అని ఒకరు అంటే, ‘వదిలేశాడు’ అని దిద్దాలని మనకు చెయ్యి దురద పెడుతుంది. ఆ ఒక్క రోజైనా దిద్దకండి. హాకీ కర్రలు ఉన్న బడి అయితే హాకీయే ఆడించి, 1928, 1932, 1936 ఒలింపిక్స్ మూడింటిలోనూ స్వర్ణం గెలిచిన భారత జట్లలో ధ్యాన్‌చంద్ ఉన్నారని ఆట మధ్య విరామంలో చెప్పించండి. క్రీడా దినోత్సవానికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

అణు పరీక్షల విషయాన్ని ఈ రెండింటితో బలవంతంగా ముడిపెట్టవద్దు. తొమ్మిది, పది తరగతుల సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో ప్రపంచ పటం మీద కజకిస్థాన్‌లోని సెమీపలాటిన్‌స్క్ ప్రాంతాన్ని చూపితే చాలు. సోవియట్ యూనియన్ తన మొదటి అణుబాంబును అక్కడ పరీక్షించింది 1949 ఆగస్టు 29న. ఆ పరీక్షా కేంద్రాన్ని మూసివేసిందీ 1991లో సరిగ్గా అదే తేదీన. కజకిస్థాన్ ప్రతిపాదన మేరకు 2009లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఈ దినోత్సవాన్ని ఆమోదించింది. నోటీసు బోర్డు మీద మూడు పేర్లను వరుసగా రాసి వదిలేయకుండా, ఒక్కొక్కదాని పక్కన ఆ తేదీ ఎందుకు వచ్చిందో ఒక వాక్యం రాయించండి.

పంచాంగం కూడా ముందే చూసుకోవాలి. ఇవి తేదీని బట్టి వచ్చేవి, మన పండుగలేమో తిథిని బట్టి వచ్చేవి. 2014లో వినాయక చవితి ఆగస్టు 29నే పడింది. అలాంటి ఏడాది కబడ్డీని ముందు రోజుకు జరిపి, మైకు ఎవరికి ఇవ్వాలో వారం ముందే తేల్చుకోండి.