బంతి ఎక్కడ పడాలో ముందు తేల్చుకోండి

గోల్ఫ్‌లో నా డ్రైవ్, అంటే ప్రతి హోల్‌కీ దూరం కోసం కొట్టే మొదటి షాట్, రెండు వందల గజాలు దాటడం అరుదు. నాతో ఆడే కుర్రాళ్లు యాభై అరవై గజాలు ముందుకు కొట్టేసి, "అంకుల్, మొదటి ఛాన్స్ మీదే" అని నవ్వుతూ నిలబడతారు. హోల్ చుట్టూ గడ్డి బాగా పొట్టిగా కత్తిరించిన గ్రీన్ దగ్గరికొచ్చేసరికి నవ్వడం నా వంతవుతుంది. అక్కణ్నుంచి వాళ్లకి నాలుగు షాట్లు పడే చోట నాకు మూడు పడతాయి, ఒక్కోసారి రెండే. స్కోర్ కార్డు మీద ఎంత దూరం కొట్టామో రాసుకునే గడి లేదు కదా.

ఇది నాలాంటి వాళ్లు తమను తాము ఓదార్చుకోవడానికి చెప్పుకునే మాట కాదు. 1938లో అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల పీజీఏ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో పాల్ రన్యన్ అనే బక్కపలచని ఆటగాడు, దూరం కొట్టడంలో పేరుమోసిన శామ్ స్నీడ్‌ని ఓడించాడు. ఒక్కో హోల్ ఎవరు గెలిచారో లెక్కగట్టే ఆట అది, ఇంకా ఏడు హోల్స్ ఆడాల్సి ఉండగానే ఎనిమిది హోల్స్ ఆధిక్యంతో మ్యాచ్ ముగిసిపోయింది. స్నీడ్ డ్రైవ్‌లు అతని కంటే చాలా దూరం వెళ్లేవి. రన్యన్ మాత్రం గ్రీన్ పక్కనుంచి బంతిని కాస్త లేపి దొర్లించే చిప్, గ్రీన్ మీద దొర్లించే పట్‌లతోనే పని కానిచ్చాడు. ఇప్పటి పీజీఏ టూర్ ఆటగాళ్లయినా సగటున మూడు గ్రీన్లలో ఒకటి మిస్సవుతూనే ఉంటారు, అంటే చేరాల్సినన్ని షాట్లలో బంతి గ్రీన్ మీదికి చేరదు. మనకి ఇంకా ఎక్కువే మిస్సవుతాయి. అంటే గ్రీన్ పక్కనుంచి ఆడటం ఎప్పుడో ఒకసారి వచ్చే అవసరం కాదు, రోజూ ఉండే పనే.

నేను ఎవరికి నేర్పినా మొదట చెప్పేది ఒకటే. బంతి నేలమీద మొదట ఎక్కడ పడాలో తేల్చుకున్నాకే బ్యాగులో చెయ్యి పెట్టండి. చాలామంది ముందు శాండ్ వెడ్జ్ (ఇసుకలోంచి కొట్టే క్లబ్) లాగేస్తారు, తర్వాత హోల్‌లో పాతిన జెండా వైపు చూస్తారు, ఆపైన ఎంత గట్టిగా కొట్టాలా అని ఆలోచిస్తారు. ఈ వరస తిరగేయండి చాలు, సగం తలనొప్పి పోతుంది.

(కింద చెప్పేదంతా కుడిచేతి వాటం వాళ్ల లెక్క. ఎడమచేతి వాటమైతే తిప్పి చదువుకోండి.)

చిప్: ఒకే స్వింగ్, క్లబ్బులు వేరు

బంతి గ్రీన్‌కి కాస్త బయట ఉందనుకుందాం. ముందు పక్కకి వెళ్లి, బంతికీ హోల్‌కీ మధ్య నేలని అడ్డంగా చూడండి. వెనక నిలబడితే దూరాలు కుంచించుకుపోయి కనిపిస్తాయి, పక్కనుంచి చూస్తేనే నిజం తెలుస్తుంది. గ్రీన్ అంచు దాటి ఒక అడుగు వేస్తే ఎక్కడికి వస్తామో, దాదాపు అక్కడ ఒక చోటు ఎంచుకోండి. రంగు మారిన గడ్డిపోచో, పాత మచ్చో ఏదో ఒకటి కంటికి దొరుకుతుంది. బంతి పడాల్సింది అక్కడ. గ్రీన్ అంచు గడ్డి ఫ్రింజ్‌లోనో, పొడుగు గడ్డి రఫ్‌లోనో పడితే అది ఎటు ఎగురుతుందో చెప్పలేం. గ్రీన్ మీద పడితే దాని నడక మనకు ముందే తెలుస్తుంది.

ఇప్పుడు అడుగులతో కొలవండి. బంతి నుంచి ఆ చోటుకి ఎన్ని అడుగులు, ఆ చోటు నుంచి హోల్‌కి ఎన్ని? రెండోదాన్ని మొదటిదాంతో భాగించండి. బంతి పడే చోటుకి మూడు అడుగులు, అక్కణ్నుంచి హోల్‌కి పన్నెండు ఉన్నాయనుకుంటే, గాల్లో ఒక వంతు, నేలమీద నాలుగు వంతులు. ఈ నాలుగుని 12లోంచి తీసేస్తే 8. ఎనిమిదో నంబర్ ఐరన్ తీయండి (ఐరన్ క్లబ్బుల్లో నంబర్ పెరిగేకొద్దీ ముఖం మరింత వాలి ఉంటుంది). మూడు వంతులు దొర్లాలంటే 9, ఐదు వంతులైతే 7. పిచింగ్ వెడ్జ్‌ని 10 అనుకోండి, అది రెండు వంతులు దొర్లుతుంది. శాండ్ వెడ్జ్ 11, అంటే గాల్లో ఎంతో నేలమీదా దాదాపు అంతే. గోల్ఫర్లు దీన్ని రూల్ ఆఫ్ 12 అంటారు. చదునుగా, మధ్యస్థ వేగంతో ఉన్న గ్రీన్‌కి ఈ లెక్క పనిచేస్తుంది. హోల్ వైపు పల్లం ఉంటే ఒక క్లబ్ ఎక్కువ లాఫ్ట్ (క్లబ్ ముఖం వాలు) ఉన్నది, ఎగువకైతే ఒకటి తక్కువ లాఫ్ట్ ఉన్నది తీసుకోండి. గ్రీన్ వేగంగా ఉన్న రోజు కూడా ఎక్కువ లాఫ్ట్ వైపే జరగాలి.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది, స్వింగ్ ఒక్కటే నేర్చుకుంటే సరిపోవడం. ఒక క్లబ్‌తో పది రకాల స్వింగులు నేర్చుకోవడం రోజూ ప్రాక్టీస్ చేసే వాళ్లకి కుదురుతుందేమో గానీ, వారానికి ఒకసారి ఆడే మనకి కుదరదు.

ఆ ఒక్క స్వింగ్ ఎలాగంటే, పాదాలు దగ్గరగా, మధ్యలో క్లబ్ తల పట్టేంత ఖాళీ. బరువులో సగానికి పైగా ఎడమ కాలి మీద, అది చివరిదాకా అక్కడే ఉండాలి. బంతి మధ్యలో గానీ, కొద్దిగా కుడి పాదం వైపు గానీ. గ్రిప్ కాస్త కిందికి పట్టుకోండి, చేతులు బంతి కంటే ఒకింత ముందుండాలి. పట్ చేసినట్టే భుజాలతో ఊపండి, మణికట్టు కలిపించుకోకూడదు.

మణికట్టు కలిపించుకుంటోందో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా. ఎడమచేతి గడియారం పట్టీ కింద, చేతి వెనకవైపు, ఒక పొడవాటి పెన్ను దూర్చండి, ఒక కొస అరచేతి వెనక్కి ఆనుకునేలా. ఇప్పుడు చిప్ చేయండి. బంతిని ఎత్తేద్దామని మణికట్టు వెనక్కి విరిగిందా, పెన్ను చెయ్యి మీద గుచ్చుకుంటుంది. నొప్పేమీ ఉండదు గానీ తప్పు ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. బంతిని పైకి లేపడం క్లబ్ లాఫ్ట్ పని. మనం లేపబోతే క్లబ్ ముందు నేలని తాకుతుంది, లేదా దాని అంచు బంతి నడుముకి తగిలి గ్రీన్ అవతలికి పంపేస్తుంది. నేను చూసిన చెడ్డ చిప్‌లలో ఎక్కువ భాగం ఈ రెండే.

ఇంకో మాట. బంతికీ గ్రీన్‌కీ మధ్య గడ్డి పొట్టిగా, పొడిగా ఉంటే చిప్ కూడా వద్దు, పట్ చేసే క్లబ్ పటర్ తీయండి. చూడ్డానికి అంత గొప్పగా ఉండదు, నిజమే. కానీ పటర్‌తో తప్పు జరిగినా బంతి హోల్ చుట్టుపక్కలే తిరుగుతుంది. పటర్ కుదరకపోతే చిప్, చిప్ కుదరకపోతేనే బంతిని ఎత్తుగా లేపే పిచ్. మధ్యలో బంకర్ (ఇసుక గుంట) అడ్డొస్తేనో, గ్రీన్ అంచుకి అతి దగ్గరగా జెండా పెడితేనో తప్ప బంతిని ఎత్తుగా లేపాల్సిన అవసరం మనకి రాదు.

పిచ్

దీని గురించి ఎక్కువ చెప్పను, ఇక్కడ కావాల్సింది రాసుకోవడానికి ఒక చిన్న పుస్తకం. వెనక్కి ఊపేటప్పుడు మీ ఎడమ చేతిని గడియారం ముల్లు అనుకుని మూడు చోట్ల ఆపండి: ఏడున్నర, తొమ్మిది, పదిన్నర. ఒక్కో వెడ్జ్‌తో ఈ మూడు స్వింగులకీ బంతి గాల్లో ఎన్ని గజాలు వెళ్లి పడుతోందో రాసుకోండి. దొర్లిన దూరం కలపొద్దు. మూడు వెడ్జ్‌లుంటే తొమ్మిది దూరాలు చేతికొస్తాయి. కొందరు ఆ అంకెల్ని షాఫ్ట్ (క్లబ్ కర్ర) మీద టేప్ అంటించి రాసుకుంటారు, మంచి అలవాటు. వెనక్కి ఎంత ఊపారో ముందుకీ కనీసం అంత ఊపండి. బంతి దగ్గర చెయ్యి నెమ్మదించడమే పిచ్‌ని చెడగొట్టేది.

వెడ్జ్‌లు కొనేటప్పుడు బొమ్మ చూడకండి, లాఫ్ట్ డిగ్రీలు చూడండి. ఈ రోజుల్లో సెట్‌తో వచ్చే పిచింగ్ వెడ్జ్ తరచుగా 44, 45 డిగ్రీలకి దిగిపోయింది. శాండ్ వెడ్జ్ 56 అయితే రెంటి మధ్యా పెద్ద ఖాళీ. ఆ ఖాళీలో 50 డిగ్రీలది ఒకటి ఉండాలి. బ్యాగులో 14 క్లబ్బులకి మించకూడదు కాబట్టి చోటు లేదంటారా, ఎప్పుడూ సరిగ్గా తగలని ఆ మూడో ఐరన్ ఇంట్లో పెట్టేయండి.

బంకర్

బంకర్‌లో దిగగానే టెన్షన్ ఎందుకంటే, బంతిని కొట్టాలనుకుంటాం గనక. ఇక్కడ కొట్టాల్సింది ఇసుకని. బంతికి రెండు అంగుళాల వెనక క్లబ్ ఇసుకలో దిగి, బంతి కిందుగా జారి, ముందునుంచి బయటికొస్తే చాలు. ఇసుకే బంతిని మోసుకెళ్తుంది. బంకర్‌లో చూడాల్సిన చోటు గ్రీన్ మీద లేదు, బంతి వెనక ఆ రెండు అంగుళాల దగ్గరుంది.

శాండ్ వెడ్జ్ అడుగుభాగం ముందంచు కంటే కిందికి ఉబ్బి ఉంటుంది, దాన్నే బౌన్స్ అంటారు. పడవ అడుగు నీటిమీద జారినట్టు అది ఇసుకలో కూరుకుపోకుండా జారుతుంది. ఈ రకం వెడ్జ్‌కి పేరు తెచ్చింది అమెరికన్ గోల్ఫర్ జీన్ శారజెన్. 1932 బ్రిటిష్ ఓపెన్ గెలిచినప్పుడు ఆయన బ్యాగులో అది ఉంది. బౌన్స్ పనిచేయాలంటే క్లబ్ ముఖం తెరవాలి. ముందు ముఖాన్ని కుడివైపు తిప్పి, ఆ తర్వాత గ్రిప్ పట్టుకోండి. పట్టుకున్నాక మణికట్టు తిప్పి తెరిస్తే దెబ్బ వేళకి మళ్లీ మూసుకుపోతుంది. మోకాళ్లు కొంచెం వంచి, బంతి ఎడమ మడమకి దగ్గరగా ఉంచి, ఆపకుండా ఊపండి. ఇసుక చాలా శక్తి తినేస్తుంది కాబట్టి గడ్డి మీద అంత దూరానికి వాడే స్వింగ్ కంటే బాగా పెద్దది కావాలి.

ప్రాక్టీస్ బంకర్‌లో బంతి లేకుండా ఇసుక మీద పొడుగ్గా ఒక గీత గీయండి. గీత వెంట నడుస్తూ ఒక్కో స్వింగ్‌కీ క్లబ్ సరిగ్గా గీత మీద దిగుతోందా చూసుకోండి. గుంతలన్నీ గీతకి ముందువైపే పడుతున్నాయంటే మీరు సిద్ధం. అప్పుడు గీతకి రెండు అంగుళాల ముందు బంతి పెట్టండి, గీతనే కొట్టండి.

ఇసుక తడిసి గట్టిపడితే బౌన్స్ ఎగిరి బంతి నడుముకి తగులుతుంది, అందుకని ముఖం అంతగా తెరవొద్దు. బంతి ఇసుకలో సగం పూడుకుపోతే ముఖం నేరుగానే ఉంచి నిటారుగా దించండి. అది తక్కువ ఎత్తులో వచ్చి బాగా దొర్లుతుంది, దానికి చోటు వదలండి. ముందు గోడ మరీ ఎత్తుంటే పక్కకో వెనక్కో ఆడేయండి, పరువు పోదు.

రూల్స్ కూడా తెలిసుండాలి. ఇసుక ఎలా ఉందో పరీక్షించడానికి చేత్తో గానీ క్లబ్‌తో గానీ ముట్టుకోకూడదు. బంతికి సరిగ్గా ముందూ వెనకా క్లబ్ ఆనించకూడదు. ప్రాక్టీస్ స్వింగ్‌లోనూ, క్లబ్ వెనక్కి తీసేటప్పుడూ ఇసుక తాకకూడదు. తాకితే మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకుల పెనాల్టీ, ఒక్కో హోల్ గెలుపు లెక్కగట్టే మ్యాచ్ ప్లేలో ఆ హోల్ పోయినట్టే. నిలబడటానికి పాదాలు ఇసుకలో కుదురుకోనివ్వచ్చు. ఇసుక మెత్తగా ఉందో, కింద గట్టి నేల ఉందో చెప్పులకే తెలిసిపోతుంది. 2019 నుంచి బంతి పక్కనున్న ఆకులు, రాళ్లు తీసేయడానికీ అనుమతి ఉంది, తీసేటప్పుడు బంతి మాత్రం కదలకూడదు.

పట్

టీవీలో పడే పట్‌లే చూపిస్తారు కాబట్టి మన ఆశలు పెరిగిపోతాయి. పీజీఏ టూర్‌లో ఎనిమిది అడుగుల (ఇక్కడ అడుగంటే పన్నెండు అంగుళాలు) పట్‌లు దాదాపు సగమే పడతాయి. ముప్ఫై అడుగుల నుంచి హోల్‌లో వేసేయాలనుకోవడం అత్యాశ. అక్కణ్నుంచి బంతిని మూడు అడుగుల లోపలికి చేరిస్తే పని అయినట్టే. మూడు పట్‌లు పడ్డ ప్రతిసారీ మొదటి పట్ ఎటు వెళ్లిందని కాకుండా ఎంత దూరం వెళ్లిందని చూడండి. తప్పు ఎక్కువగా దూరంలోనే దొరుకుతుంది.

అందుకే నేను ప్రాక్టీస్ ఊపులు ఊపేటప్పుడు బంతిని చూడను, హోల్‌ని చూస్తూనే ఊపుతాను. ఎంత ఊపాలో చేతికి కళ్లే చెప్తాయి. హోల్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. బంతి మెల్లగా చేరితే ఆ వెడల్పంతా మనదే, వేగంగా వస్తే అంచు తగిలి బయటికి తిరిగిపోతుంది. గ్రీన్ వాలు బంతిని ఎక్కువగా లాగేది కూడా చివర్లో, అది నెమ్మదించాకే. కాబట్టి వాలు చదివేటప్పుడు హోల్ చుట్టూ ఉన్న చివరి మూడు నాలుగు అడుగులు శ్రద్ధగా చూడండి, పల్లపు వైపు నిలబడి.

ప్రాక్టీస్ ఎలా

ఒకే చోట బుట్టెడు బంతులు పోసుకుని చిప్ చేస్తే ఆనందంగా ఉంటుంది, ఆటకి మాత్రం పనికిరాదు. ఆటలో ఒక చోటు నుంచి రెండో ఛాన్స్ ఉండదు. ఒకే బంతి తీసుకుని గ్రీన్ చుట్టూ తొమ్మిది చోట్ల వేయండి. మూడు సులువైనవి, మూడు మామూలివి, మూడు మీరు భయపడేవి. ప్రతి చోటు నుంచీ చిప్ చేసి, పట్ పెట్టి, హోల్‌లో పడేదాకా ఆడండి. ఒక్కోటి రెండు షాట్లలో అయితే మొత్తం 18. మొదట్లో 25, 26 వస్తాయి, కంగారు పడొద్దు. అంకె పక్కన, బంతి అనుకున్న చోట పడిందో లేదో కూడా టిక్ పెట్టండి. అనుకున్న చోటే పడినా హోల్‌కి దూరంగా ఆగిందంటే క్లబ్ ఎంపిక తప్పు. వేరే చోట పడిందంటే స్వింగ్ తప్పు. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే ఏళ్ల తరబడి బాగున్న స్వింగ్‌ని మరమ్మతు చేస్తూ కూర్చుంటాం.

మ్యాచ్ రోజు మాత్రం ఇవేవీ పెట్టుకోకండి. ప్రాక్టీస్ గ్రీన్ మీద నాలుగైదు పొడవాటి పట్‌లు, హోల్ గురించి పట్టించుకోకుండా, ఆ రోజు గ్రీన్ వేగం తెలియడానికి. తర్వాత ఎనిమిదో ఐరన్‌తో కొన్ని చిప్‌లు, అది ఈ రోజు నాలుగు వంతులే దొర్లుతోందా, ఐదా అని చూడటానికి. ఐదు దొర్లుతుంటే ఆ రోజంతా ఒక క్లబ్ ఎక్కువ లాఫ్ట్‌తో ఆడండి.