వర్చువల్ మెషీన్‌కు ప్రాసెసర్ అమరికను సరిగ్గా చెప్పడం ఎలా?

పోయిన మామిడి కాలంలో చిత్తూరు దగ్గర తోతాపురి గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీ లెక్కల గదిలో నేనొక లినక్స్ కంప్యూటర్ ఏర్పాటు చేశాను. బిల్లుల సాఫ్ట్‌వేర్ విండోస్ మీద మాత్రమే నడిచేది కనుక, అదే కంప్యూటర్‌లో విండోస్ 10 ప్రోతో ఒక వర్చువల్ మెషీన్ (అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) పెట్టి, దానికి ఉదారంగా 8 ప్రాసెసర్లు కేటాయించి తిరుపతికి వచ్చేశాను. మూడో రోజున గుమాస్తా ఫోన్ చేసి, "అన్నా, కాటా కాడ ట్రాక్టర్లు నిలబడిపోతాండాయి, చీటీ వచ్చేలోపల టీ తాగి రావచ్చు" అన్నాడు. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో ఏముందో చదవమన్నాను. సాకెట్లు 2, వర్చువల్ ప్రాసెసర్లు 2 అని చదివాడు. నేను ఇచ్చిన ఎనిమిదిలో ఆరు లెక్కలోకే రాలేదు.

తప్పు విండోస్‌ది కాదు, నాది. విండోస్ ప్రో గరిష్ఠంగా 2 సాకెట్లనే వాడుకుంటుంది, హోమ్ అయితే ఒక్కటే. నేను సంఖ్య మాత్రమే ఇచ్చి అమరిక చెప్పకపోవడంతో, ఒక్కొక్క కోరు ఉన్న ఎనిమిది వేర్వేరు సాకెట్లు ఉన్నట్లు ఆ వర్చువల్ మెషీన్‌కు కనిపించింది. లినక్స్‌కు ఇలాంటి సాకెట్ల పరిమితి లేదు కాబట్టి, అంతవరకు లినక్స్ గెస్టులే, అంటే లినక్స్ ఉన్న వర్చువల్ మెషీన్లే, నడిపిన నాకు ఈ సంగతి తట్టలేదు.

ముందుగా మూడు మాటలు స్పష్టం చేసుకోవాలి. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చిప్ కూర్చునే చోటు, కోర్ అంటే ఆ చిప్‌లో సొంతంగా పని చేయగల ఒక భాగం, థ్రెడ్ అంటే ఒకే కోరుకు పని అందించే దారి. గుజ్జు ఫ్యాక్టరీతోనే పోల్చుకుంటే, సాకెట్ ఒక షెడ్డు, కోర్ ఆ షెడ్డులోని గుజ్జు యంత్రం, థ్రెడ్ ఆ యంత్రంలోకి కాయలు పోసే తొట్టి. ఒక తొట్టిలోకి కడిగిన కాయలు ఇంకా రాకపోతే, యంత్రం రెండో తొట్టి నుంచి తీసుకుని ఖాళీగా ఉండకుండా నడుస్తుంది. అంతమాత్రాన రెండు తొట్లున్న ఒక యంత్రం రెండు యంత్రాలంత గుజ్జు తీయదు. ఈ తేడాను గెస్టుకు నిజాయతీగా చెప్పడమే ప్రాసెసర్ అమరిక.

మొదట చేయవలసిన పని, అసలు కంప్యూటర్‌లో ఏముందో తెలుసుకోవడం. లినక్స్ టెర్మినల్‌లో ఎల్, ఎస్, సి, పి, యు అనే చిన్న ఆంగ్లాక్షరాలను కలిపి టైపు చేస్తే సాకెట్లు ఎన్ని, ఒక్కో సాకెట్‌లో కోర్లు ఎన్ని, ఒక్కో కోరుకు థ్రెడ్లు ఎన్ని అన్నది వస్తుంది. అదే ఆదేశం తరువాత ఖాళీ వదిలి హైఫన్, ఇ చేరిస్తే ఏ సీపీయూ నంబరు (లినక్స్ ఒక్కో థ్రెడ్‌కు ఇచ్చే నంబరు) ఏ కోరుకు చెందినదో పట్టికగా కనిపిస్తుంది. ఈ పట్టికను కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఒకే కోరును పంచుకునే జంట థ్రెడ్ల నంబర్లు అన్ని యంత్రాల్లోనూ ఒకే పద్ధతిలో ఉండవు. ఒక దానిలో 0, 1 జంట అయితే మరొక దానిలో 0, 8 జంట కావచ్చు.

తరువాత ఎంత ఇవ్వాలో నిర్ణయించాలి. ఫ్యాక్టరీ కంప్యూటర్‌లో 8 కోర్లు, 16 థ్రెడ్లు ఉన్నాయి. డిస్కు, నెట్‌వర్కు పనులు చూసుకునేది అసలు కంప్యూటరే కనుక, దానికి కనీసం రెండు కోర్లు మిగల్చకపోతే గెస్టు కూడా నత్తనడక నడుస్తుంది. కాబట్టి ఎనిమిదికి బదులు ఆరు చాలనుకున్నాను.

ఇక అమర్చడం. లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను కిటికీల్లో నొక్కుతూ నిర్వహించే వర్ట్ మేనేజర్ వాడేవారు ముందుగా గెస్టును పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. లోపలి నుంచి రీస్టార్ట్ చేస్తే పాత అమరికే కొనసాగుతుంది. తరువాత ఆ మెషీన్ వివరాల పేజీలో సీపీయూలు అనే వరుసను నొక్కి, కేటాయింపు సంఖ్యను 6 చేసి, అసలు సీపీయూ వివరాలను గెస్టుకు అలాగే చూపించే ఎంపికను టిక్ చేసి, కింద టోపాలజీ, అంటే అమరిక, అనే భాగాన్ని విప్పి, చేత్తో అమర్చే ఎంపికను కూడా టిక్ చేయాలి. అక్కడ సాకెట్లు 1, కోర్లు 6, థ్రెడ్లు 1 అని నింపి అప్లై నొక్కితే చాలు. ఈ మూడింటి గుణకారం గరిష్ఠ సీపీయూల సంఖ్యతో సరిపోవాలి. సరిపోకపోతే దోషం చూపుతుంది.

వర్ట్ మేనేజర్ వెనుక ఉండి వర్చువల్ మెషీన్‌ను నడిపే ప్రోగ్రామైన క్యూఎమును (QEMU) నేరుగా ఆదేశంతో నడిపేవారు ఎస్.ఎం.పి. ఐచ్ఛికంలో ఇవే మూడు విలువలు రాయాలి. వారు గుర్తుంచుకోవలసిన తేడా ఒకటుంది. 6.2 కంటే పాత క్యూఎము ఉత్త సంఖ్య ఇస్తే దాన్ని సాకెట్లుగా లెక్కగట్టేది, 6.2 నుంచి కొత్త మెషీన్ రకాల్లో కోర్లుగా లెక్కగడుతోంది. అందుచేత ఏళ్ల కిందట రాసిపెట్టుకున్న ఆదేశం ఇప్పుడు వేరే ఫలితం ఇవ్వవచ్చు. మూడు విలువలనూ ప్రతిసారీ విప్పి రాయడమే నా అలవాటు.

థ్రెడ్లను 2 చేస్తే వేగం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడే కొంత నిదానించాలి. 0, 1 ఒకే కోరు పంచుకునే జంట అని గెస్టుకు చెబితే, గెస్టు ఆ మాట నమ్మి బరువైన రెండు పనులను వేర్వేరు జంటలకు పంచుతుంది. కాని అసలు కంప్యూటర్ ఆ వర్చువల్ ప్రాసెసర్లను మామూలు ప్రోగ్రాముల లాగే తనకు తోచిన సీపీయూ మీదికి మారుస్తూ ఉంటుంది. అప్పుడు గెస్టుకు చెప్పినది అబద్ధమవుతుంది, దాని పంపకమూ వృథా అవుతుంది. అందువల్ల ఒక్కొక్క వర్చువల్ ప్రాసెసర్‌ను ఒక నిర్దిష్ట సీపీయూకు కట్టిపడేస్తేనే, అంటే పిన్నింగ్ చేస్తేనే, థ్రెడ్లు 2 అని పెట్టడంలో అర్థం ఉంది. ఉదాహరణకు 4, 12 జంట అని పట్టికలో ఉంటే, గెస్టులోని 0ను 4కు, 1ని 12కు కట్టాలి. వర్ట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో ఎక్స్ఎంఎల్ (మెషీన్ అమరికలను అక్షరాల్లో రాసి ఉంచే రూపం) సవరణకు అనుమతి ఇస్తే, అందులోని సీపీయూట్యూన్ (cputune) భాగంలో ఒక్కో ప్రాసెసర్‌కు ఒక వరుస చొప్పున ఇది రాసుకోవచ్చు. ఇంత శ్రమ బిల్లుల సాఫ్ట్‌వేర్‌కు అనవసరం, ఆటలకో వీడియో ఎడిటింగుకో అయితే పడవచ్చు.

ఏఎండీ ప్రాసెసర్ మీద థ్రెడ్లు 2 పెట్టినప్పుడు, హైపర్‌థ్రెడింగ్ (ఒక కోరుకు రెండు థ్రెడ్లు ఉండడం) కుదరదనే హెచ్చరిక వస్తే, సీపీయూ లక్షణాల్లో టోపోఎక్స్‌ట్ (topoext) అనే దాన్ని తప్పనిసరి చేయాలి. ఇంటెల్ 12 నుంచి 14వ తరం వరకు వచ్చిన మిశ్రమ ప్రాసెసర్లలో పెద్ద కోర్లకు రెండేసి థ్రెడ్లు ఉంటాయి, చిన్న కోర్లకు ఒక్కటే. ఆ తేడా గెస్టుకు తెలియదు కనుక పిన్నింగ్ చేసేటప్పుడు రెండింటినీ కలపకుండా పెద్ద కోర్లనే ఇవ్వడం మేలు.

వర్చువల్ మెషీన్లు నడిపే ఇతర సాఫ్ట్‌వేర్ల సంగతికొస్తే, వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో ప్రాసెసర్లు ఎన్ని, ఒక్కో ప్రాసెసర్‌కు కోర్లు ఎన్ని అని రెండు గడులే ఉంటాయి. మొదటి దానిలో 1 పెట్టి, రెండో దానిలో కావలసిన సంఖ్య ఇవ్వాలి. వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో సంఖ్య ఒక్కటే అడుగుతుంది.

చివరగా గెస్టును మొదలుపెట్టి సరిచూడాలి. లినక్స్ గెస్టులో పైన చెప్పిన ఆదేశమే చాలు, విండోస్‌లో టాస్క్ మేనేజర్ చూడాలి. ఫ్యాక్టరీ కంప్యూటర్‌ను తిరుపతి నుంచే దూరంగా సవరించి గుమాస్తాను మళ్లీ చదవమన్నాను. "సాకెట్లు 1, వర్చువల్ ప్రాసెసర్లు 6 అని ఉండాదన్నా" అని, ఫోన్ పెట్టేయకుండానే ట్రాక్టర్ డ్రైవర్‌ను చీటీ తీసుకోమని కేక వేశాడు.