టెస్లా కాయిల్ మొండికేస్తే ముందు తీగ కొసలు మార్చి చూడండి

విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల్లో ప్రదర్శన కోసం సొంతంగా సాలిడ్ స్టేట్ టెస్లా కాయిల్ (ట్రాన్సిస్టర్లతో నడుస్తూ అధిక వోల్టేజీతో గాలిలోకి మెరుపులు వదిలే పరికరం) చుట్టేవాళ్లకు ఒక మాట. స్విచ్ వేసినా మెరుపు రాకపోతే కంగారుపడి మాస్‌ఫెట్లు (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) మార్చేయకండి, అవి ఊరికే రావు. ముందు ప్రైమరీ చుట్ట (సర్క్యూట్ నుంచి కరెంటు అందుకునే చుట్ట) కొసలు రెండింటినీ అటుదిటు మార్చి కలపండి. సెకండరీ (మెరుపు పుట్టించే రెండో చుట్ట) నుంచి తిరిగి వచ్చే ఫీడ్‌బ్యాక్ సంకేతం తలకిందులుగా అందితే సర్క్యూట్ డోలనమే మొదలుపెట్టదు. చాలాసార్లు రోగం ఇదే.

నేరుగా 230 వోల్టులు ఇచ్చి పరీక్షించకండి. సరఫరాకు సిరీస్‌లో 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు నిండుగా వెలిగిపోతే బ్రిడ్జిలో (ప్రైమరీని నడిపే మాస్‌ఫెట్ల అమరికలో) ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. మసకగా ఉంటే కాయిల్‌కు కాస్త దూరంలో మాడిపోయిన ట్యూబ్‌లైట్ ఒకటి నిలబెట్టండి. మెరుపు కనబడకపోయినా ట్యూబు వెలిగిందంటే కాయిల్ పనిచేస్తోంది.

కళింగపట్నం లాంటి తీర ప్రాంతాల వాళ్లకు ఇంకో తలనొప్పి, ఉప్పుగాలి. సెకండరీ మీద తేమ చేరితే మెరుపు పైకి లేవకుండా చుట్ల మీదే పాకుతుంది. చుట్టను బాగా ఆరబెట్టి వార్నిష్ పూతలు వేయండి. సెకండరీ కింది కొసకు ఇంటి వైరింగ్ ఎర్త్ వాడకండి, విడిగా రాడ్డు పాతండి.

ప్లగ్గు పీకాక కూడా ఫిల్టర్ కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులు నిలిచి ఉంటాయి. రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.