కష్టకాలంలో విశ్వాసాన్నీ, చేయవలసిన పనినీ వెదకుకోవడం ఎలా

వేలం కేంద్రంలో పొగాకు ధర పడిపోయిన ఏడాదైనా, కనిగిరి వైపు కొత్తగా వేసిన బోరు కూడా ఎండిపోయిన వేసవైనా, తీరం వెంట రొయ్యల చెరువుకు తెగులు తగిలిన వారమైనా, మన ఇళ్లలో ప్రార్థన ఒకే ప్రశ్నతో మొదలవుతుంది: ప్రభువు మమ్మల్ని మరచిపోయాడా? ఆ ప్రశ్న అడిగినవారికి విశ్వాసం చాలలేదని తీర్పు చెప్పేవారు మన సంఘాలలో ఎక్కువే గాని, మరునాడు ఉదయం లేచి ఏం చేయాలో చెప్పేవారు తక్కువ.

మొదట శరీరాన్ని చూసుకోవాలి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చొని చావు కోరుకున్నప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు. కాబట్టి నిద్ర లేక, తిండి సహించక ఉన్న మనిషి మూడు రోజుల ఉపవాస ప్రార్థనకు పూనుకోవడం నాకు సమ్మతం కాదు. వైద్యుడు రాసిన మాత్రలు మానడం విశ్వాసానికి గుర్తని ఎవరైనా అంటే ఆ మాట వినకండి. పౌలుకు ప్రియుడైన లూకా వైద్యుడే. చనిపోవాలన్న తలంపు వస్తున్నట్లయితే, ఆ పూటే ఇంట్లో ఒకరికి చెప్పి వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

తరువాత ఉన్నదున్నట్టు మొరపెట్టడం నేర్చుకోవాలి. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనలలో చాలా వాటిలో ఏడుపూ, ఫిర్యాదూ వినిపిస్తాయి. 13వ కీర్తన నిష్ఠూరంతో మొదలై స్తుతితో ముగుస్తుంది. 88వ కీర్తన అయితే చివరి మాట వరకు చీకటిలోనే ఉండిపోతుంది, అయినా దానిని గ్రంథంలో నుండి ఎవరూ తీసివేయలేదు. ఈ రెండింటినీ రోజుకొకటి చొప్పున పైకి చదివి, ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి, అప్పు ఎంత, ఎవరికి, గడువు ఎప్పుడు, దేని గురించి భయం అన్నది దేవునికి చెబుతున్నట్లే రాయండి. లెక్క రాయడం కూడా ప్రార్థనే అని నేను నమ్ముతాను, ఎందుకంటే అంకె రాయలేనివారు అప్పు ఇచ్చినవాని ఎదుటకూ, దేవుని ఎదుటకూ ఒకే విధంగా వెళ్లలేకపోతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కష్టంలో విశ్వాసం సులభంగా బేరంగా మారుతుంది: పంట దక్కితే ఇంత కానుక, జబ్బు నయమైతే ఇంత సాక్ష్యం. ఈ విషయంలో మన ప్రకాశం జిల్లా చరిత్రే మంచి పాఠం. 1876–78 నాటి గొప్ప కరవులో ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశాడు. ప్రయాసపడి భారం మోసేవారిని తన దగ్గరకు రమ్మన్న యేసు పిలుపును, బోధకులు అక్కడ తట్ట మోసేవారి మధ్యనే కూర్చొని వినిపించారు. అయితే తిండి కోసం ఎవరూ విశ్వాసులు కాకూడదని, ఆ కరవు సహాయం సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయం ఆగిన తరువాత, ఇక పొందడానికి ఏమీ లేదని తెలిసీ జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన నోటు పుస్తకంలో కూడా ఇదే ప్రశ్న రాసుకోవచ్చు: ఈ అడిగినది దొరకకపోయినా నేను ఆదివారం ఆరాధనకు వెళతానా? జవాబు వెంటనే రాకపోతే ఖాళీ వదిలిపెట్టండి.

ఇక జీవితానికి ఉద్దేశం మాటకొస్తే, దానిని తలుపులు మూసుకొని ఆలోచించి కనుక్కోవడం అరుదు. తిని పడుకొని లేచిన ఏలీయాకు కూడా దేవుడు హోరేబు కొండ దగ్గర అతని వేదనకు వివరణ ఇవ్వలేదు. వెళ్లి ఫలానావారిని అభిషేకించుమని పని ఇచ్చాడు. దేవుడు మనకిచ్చిన ఆదరణతోనే ఇతరులను ఆదరించగలమని పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో చెప్పిన మాట నాకు అన్నిటికంటే ఆచరణకు దగ్గరగా కనిపిస్తుంది. బోరు ఎండిపోయినవారు బోరు ఎండిపోయిన మరొకరి ఇంటికి, భర్త పోయిన ఇల్లాలు మొన్ననే భర్త పోయిన ఇంటికి వారానికి ఒక్కసారి వెళ్లాలి. వెళ్లినప్పుడు వచనాలు చెప్పవలసిన పని లేదు. సర్వం పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు మాట్లాడక కూర్చున్న ఆ ఏడు రోజులే సరిగా నడుచుకున్నారు. నోరు తెరిచాక చెడగొట్టారు. బ్యాంకుకో, పాలకేంద్రానికో తోడు వెళ్లడం, ఒక పూట కూర పంపడం, రేషను కార్డు దరఖాస్తు నింపిపెట్టడం చాలు. ఇంటికి తిరిగి వచ్చాక ఆ పేరును, ఆ తేదీని నోటు పుస్తకంలో మీ అప్పుల లెక్క పక్కనే రాసుకోండి.