టీవెక్ ఇంజెక్షన్ వేశాక ఇంట్లో కట్టు ఎలా మార్చాలి

అమెరికాలో క్యాన్సర్ నర్సుగా పనిచేస్తున్నాను. ముదిరిన మెలనోమాకు (ఒక రకం చర్మ క్యాన్సర్) టీవెక్ వేస్తామనగానే మనవాళ్లు అడిగే మొదటి మాట, "వైరస్‌ని ఎక్కిస్తారా?" అని. అవును, వైరస్సే. పెదవి మీద పొక్కులు తెప్పించే హెర్పిస్‌లో, నరాలకు చేటు చేసే జన్యువును తీసేసి, రోగనిరోధక కణాలను రప్పించే ప్రొటీన్ జన్యువును చేర్చారు. 2015లో ఇక్కడ అనుమతి వచ్చింది. సెలైన్‌లా నరంలోకి ఎక్కించరు, సూదితో నేరుగా గడ్డలోకే ఇస్తారు. మొదటి డోసు పలచన. 3 వారాలకు ఇచ్చే రెండోది దానికి 100 రెట్లు గాఢం. ఆపైన 2 వారాలకోసారి.

ఇక ఇంటి పని. సూది వేసిన చోట గాలి, నీరు చొరబడని కట్టు కనీసం వారం ఉండాలి, రసి కారుతుంటే ఇంకా ఎక్కువ రోజులు. ఊడిపోతే వెంటనే కొత్తది వేయండి. మార్చేవాళ్లు గ్లోవ్స్ వేసుకోవాలి. తీసిన కట్టునీ, దూదినీ, గ్లోవ్స్‌నీ ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూసి చెత్తలో వేసి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రోగి అక్కడ గోక్కోకూడదు, ఆ చేత్తో కళ్లు అసలే నలపకూడదు.

మన ఇళ్లలో ఈ పని అడక్కుండానే కోడలి మీదో కూతురి మీదో పడుతుంది. ఆమె గర్భవతి అయితే ఒప్పుకోవద్దమ్మా, మొహమాటపడకండి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు కూడా ఆ కట్టు ముట్టుకోకూడదు. పసిబిడ్డను దాని దరిదాపులకు రానివ్వకండి.

చలిజ్వరం, ఒళ్లునొప్పులు, నీరసం మామూలే. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, మనిషి తికమకగా మాట్లాడినా, మరీ మగతగా ఉన్నా ఆ రాత్రే ఫోన్ చేయండి.

గడ్డ తగ్గేముందు పెరగొచ్చు, కొత్తవీ కనిపించొచ్చు. అది చూసి టెన్షన్ పడి మధ్యలో మానేయకండి. అలాగని గొప్ప ఆశలూ పెట్టను: 436 మంది మీద జరిగిన ట్రయల్‌లో టీవెక్ తీసుకున్నవాళ్లలో 6 నెలలకు పైగా నిలిచిన ఫలితం దక్కింది దాదాపు 16 శాతం మందికే. ఊపిరితిత్తులకో కాలేయానికో పాకితే ఉపయోగం ఇంకా తక్కువ. మీ కేసులో ఏం ఆశించవచ్చో డాక్టర్‌ని సూటిగా అడగండి.

ఇంకొకటి. పెదవి మీద పొక్కు వచ్చిందని ఇంట్లో ఉన్న ఎసైక్లోవిర్ మాత్ర సొంతంగా వేసుకోవద్దు. అది ఈ మందు వైరస్‌నీ అణిచేయగలదు. ముందు క్లినిక్‌కి ఫోన్ చేయండి.