తొక్కగానే బండి తడబడుతుంటే: ఎస్‌యూ కార్బురేటర్‌కు డాంపర్ ఆయిల్

నెల్లూరు ట్రంకు రోడ్డులో సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, కార్బురేటర్‌లోంచి టప్పుమని దగ్గి, ఆ తర్వాతే బండి ముందుకు కదులుతుంటే, ప్లగ్గులూ పాయింట్లూ మార్చే ముందు కార్బురేటర్ నెత్తిమీది డాంపర్ (నూనెలో మునిగి ఉండే చిన్న కడ్డీ) మూత విప్పి చూడాలి. ఇది మోరిస్ మైనర్ వంటి ఎస్‌యూ కార్బురేటర్ బండ్లకు మాత్రమే వర్తిస్తుంది. సోలెక్స్ అనే మరో రకం కార్బురేటర్ బిగించిన అంబాసిడర్లలో నూనె పోసే డాంపరే ఉండదు.

ఎస్‌యూలో ఇంజన్ గాలి లాగేకొద్దీ కార్బురేటర్‌లోని పిస్టన్ (ఇంజన్‌లోనిది కాదు) పైకి లేచి దారి ఇస్తుంది. తొక్కిన క్షణంలో అది అడ్డు లేకుండా ఎగిరితే పెట్రోలు వచ్చే రంధ్రమైన జెట్ మీద లాగుడు తగ్గి, పెట్రోలు చాలక గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది. డాంపర్‌లోని నూనె ఆ లేవడాన్ని కాస్త నిదానింపజేసి, పికప్‌కు కావలసినంత చిక్కదనం మిశ్రమానికి ఇస్తుంది. కనుక పై లక్షణానికి కారణం నూనె ఎండిపోవడమో, కుట్టుమిషను నూనె వంటి పలచటిది పోయడమో అయి ఉంటుంది.

తయారీదారు చెప్పినది ఎస్ఏఈ 20 నూనె (ఎస్ఏఈ నంబరు నూనె చిక్కదనానికి గుర్తు). అది దొరకకపోతే మోటారుసైకిళ్ల ముందు ఫోర్కులో పోసే 20 నంబరు నూనె తీసుకోవచ్చు; అయితే ఫోర్కు నూనెల నంబర్లు అన్ని కంపెనీలకూ ఒకే చిక్కదనాన్ని సూచించవు. మూతకు గాలి రంధ్రం ఉంటే పిస్టన్ బోలు కాడ అంచుకు 13 మిల్లీమీటర్లు పైదాకా, రంధ్రం లేని రకమైతే అంచుకు 13 మిల్లీమీటర్లు దిగువదాకా పోయాలి. పోశాక డాంపర్‌ను మెల్లగా దించితే, మూత మరలకు చేరే ముందే వేలికి మెత్తని అడ్డు తగలాలి.

తొక్కితే బండి బరువుగా లేచి, పొగగొట్టంలోంచి ఒక నల్లని గుప్పు వస్తుంటే నూనె మరీ చిక్కగా ఉన్నట్లు. రోళ్లు పగిలే రోహిణి ఎండకు నూనె నీళ్లవుతుందన్న భయంతో నేనూ ఒక వేసవిలో గేరుబాక్సు నూనె పోసి, తెల్లవారుజామున కావలి బయలుదేరి, ఇంజన్ వేడెక్కేదాకా లారీల వెనకే నడిపాను. సాధారణంగా వాడే 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్‌ను చల్లగా ఉన్నప్పుడు 20 అనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే ఆ 20డబ్ల్యూ అనేది సున్నాకు 15 డిగ్రీల దిగువ చలిలో చూసే లెక్క. మన వాతావరణంలో అది ఎస్ఏఈ 20 కంటే చిక్కగానే ఉంటుంది. అత్యవసరానికి పనికొస్తుంది, అంతే. ఎండాకాలంలో నూనె సరిపోతున్నదా లేదా అన్నది ఇంజన్ బాగా వేడెక్కాక, రోడ్డు మీద తొక్కి చూసి తేల్చుకోవాలి.

నూనె తరచూ తగ్గుతుంటే ముందుగా మోతాదు మించి పోస్తున్నామేమో చూడాలి. ఎక్కువైనది కాడ పక్కగా జారి ఇంజన్‌లోకే పోతుంది.

ఒకే వేగంలో పోతున్నా నల్లపొగ ఆగకపోతే, డాంపర్ ఆయిల్ మార్చి ప్రయోజనం లేదు, దాని పని తొక్కిన క్షణానికే పరిమితం. ఇంజన్ ఆపి, డాంపర్ తీసి, పిస్టన్‌ను వేలితో ఎత్తి వదలాలి. ఠక్కుమని కింద తగిలితే దోషం మిశ్రమం సర్దుబాటులోనో, అరిగిన జెట్టులోనో వెతకాలి. శబ్దం లేకుండా మధ్యలో చిక్కుకుంటే పై చాంబర్ విప్పి, పెట్రోలుతో పిస్టన్‌నూ లోపలి గోడనూ తుడవాలి. ఆ గోడకు నూనె రాయకూడదు. కాడకు ఒక చుక్క చాలు.