డ్రైసూట్‌లో కాళ్లు పైకి తేలిపోతుంటే
చన్నీళ్లలో డ్రైసూట్‌తో (నీళ్లు లోపలికి రానివ్వకుండా, లోపల గాలి ఉండే డైవింగ్ సూట్) స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్నారా? కాళ్లలో చేరిన గాలిని వెనక్కి రప్పించడం ముందు ప్రాక్టీస్ చేయండి. తల కిందికి వాలితే సూట్‌లోని గాలంతా పాదాల వైపు పోతుంది. గాలి వదిలే వాల్వ్ సాధారణంగా ఎడమ భుజం దగ్గర ఉంటుంది కాబట్టి అది బయటికి పోదు. పైకి లేచేకొద్దీ ఆ గాలి ఉబ్బి మిమ్మల్ని ఇంకా వేగంగా లాగేస్తుంది. టెన్షన్ పడొద్దు. మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని, ఒక్కసారిగా దొర్లి నిటారుగా అవ్వండి. వెంటనే వాల్వ్ పూర్తిగా తెరిచి ఎడమ మోచెయ్యి పైకెత్తండి. ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా, లోతు తక్కువున్నచోట, అలవాటయ్యేదాకా చేయండి.

ఇంకోటి, సూట్‌లోకి గాలి ఎక్కువ ఎక్కించొద్దు. 10 మీటర్ల లోతుకే ఒత్తిడి రెట్టింపై సూట్ ఒంటిని నొక్కుతుంది. ఆ నొక్కుడు తగ్గేంత గాలి చాలు.